నల్ల టీ పెట్టె మీద బంగారు బొమ్మలు: చైనాదా, ఇంగ్లండుదా?

నమస్తే అండి. మీరు పెట్టిన తొమ్మిది ఫొటోలూ నిన్న రాత్రి పెద్ద స్క్రీన్ మీద వేసుకుని తీరిగ్గా చూశాను. తర్వాత చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. లెస్టర్ దగ్గర ఒక చిన్న వేలంలో 180 పౌండ్లు పెట్టి నల్లటి టీ పెట్టె కొన్నారు. దాని మీద బంగారు రంగులో చైనా బొమ్మలున్నాయి. కేటలాగ్‌లో '18వ శతాబ్దపు చైనా ల్యాకర్' అని ఉంది (ల్యాకర్ అంటే చెక్క మీద వేసే గట్టి, మెరిసే పూత). ఇంటికి తెచ్చాక మీ స్నేహితురాలు చూసి, ఇది చైనాది కాదు, డూప్లికేట్ అన్నారు. మీరు అడిగినవి నాలుగు. ఇది అసలుదేనా? నేను మోసపోయానా? మూత మీద మసక పాలిష్‌తో పోతుందా? ఊరి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు ఇందులో టీపొడి పోసుకుంటానంటున్నారు, పోసుకోవచ్చా?

చివరి రెండింటికీ జవాబు వద్దు అనే. పాలిష్ వద్దు, టీపొడి వద్దు. నా జవాబు పూర్తిగా చదివేలోపు ఇంట్లో ఎవరైనా తడిగుడ్డ పట్టుకుంటారేమో అని ముందే చెప్పేస్తున్నాను. కారణాలు కిందకొస్తాయి.

నేను బర్మింగ్‌హామ్ దగ్గర పాత చెక్క సామాను, ల్యాకర్ సామాను బాగుచేసే పనిలో ఇరవై ఏడేళ్ళుగా ఉన్నాను. ఇలాంటి పెట్టెలు చాలా నా చేతుల మీదుగా వెళ్ళాయి. మీ స్నేహితురాలు సగం నిజం చెప్పారు. ఇది చైనాలో చేసింది కాదు. కానీ డూప్లికేట్ అన్న మాట మాత్రం తప్పు. ఇది ఇంగ్లండులో, నా లెక్కన 1815, 1830 మధ్య, చైనా పద్ధతిని చూసి చేసిన పెట్టె. అంటే రెండు వందల ఏళ్ళ వస్తువు.

ఎలా చెప్తున్నానంటే, మీ ఆరో ఫొటోలో వెనక వైపు కింది మూల చూడండి. గోరంత పెచ్చు ఊడింది. నలుపు కింద తెల్లటి సుద్ద పొర ఉంది, దాని కింద లేత పసుపు పైన్ చెక్క. మీ పెట్టె గురించి నాకు ఎక్కువ విషయాలు చెప్పింది ఈ పెచ్చే. మన దగ్గర తలుపులకి రంగు వేసేముందు లప్పం పెడతారు కదా, అలాగే ఇంగ్లండు పనివాళ్ళు సుద్దనీ జంతువుల తోలు నుంచి తీసిన జిగురునీ కలిపి చెక్క మీద పూసి, నున్నగా అరగదీసి, దాని మీద నలుపు వేసేవారు. కాంటన్‌లో, అంటే ఇప్పటి గ్వాంగ్‌జౌలో, ఎగుమతి కోసం చేసిన పెట్టెకి పెచ్చు ఊడితే ఇంత తెల్లటి పొర సాధారణంగా కనిపించదు. మట్టి రంగులోనో బూడిద రంగులోనో పలచటి పొర ఉంటుంది. ఆ పైపొర కూడా అంచుల దగ్గర సన్నగా, గట్టిగా, గాజులా విరుగుతుంది.

ఇక మూత మీద బొమ్మ. గొడుగు పట్టుకున్న మనిషి, పడవ, చిన్న వంతెన, చెట్టు మీద పిట్ట. ఆ పిట్ట పడవ కంటే పెద్దది. చెట్టు ఆకులు ఏ చెట్టువో చెప్పలేం. గొడుగు కింద ఉన్నాయన ముఖం చూడండి, మీసం తప్పిస్తే అది ఇంగ్లండు రైతు ముఖమే. గీసినవాళ్ళు చైనా ఎప్పుడూ చూడలేదు. కప్పుల మీద, కాగితాల మీద, అచ్చువేసిన డిజైన్ పుస్తకాల్లో చూసిన ముక్కలు ఏరుకుని తమ ఊహకి తోచినట్టు పేర్చుకున్నారు. దీన్నే షినువాజరీ అంటారు. నాకు ఈ బొమ్మలంటే ఇష్టం. తెలియని దేశాన్ని ఒక మనిషి ఎంత ముచ్చటగా ఊహించుకున్నాడో ఆ పిట్టలో కనిపిస్తుంది. కాంటన్ పెట్టెల మీద తీరే వేరు. తోటలో మండపాలు, వాటిలో చిన్న చిన్న మనుషులు కొలతకి సరిగ్గా ఉంటారు. అంచుల్లో ఆకుల తీగ వెంట్రుకంత సన్నగా తిరుగుతుంది. మధ్యలో కొన్నవాళ్ళ పేరు మొదటి అక్షరాలు రాయించి పంపేవారు. కింద రెక్కల డ్రాగన్ పాదాలు చెక్కి బంగారం పూసేవారు. లోపల పెట్టె ఆకారానికి సరిపోయే ప్యూటర్ (తగరం ఎక్కువగా ఉండే మిశ్రమ లోహం) డబ్బాలు ఉండేవి, వాటి మీద కూడా బొమ్మలు గీసి ఉండేవి.

మరి ఇంగ్లండువాళ్ళు చైనా ల్యాకర్‌నే వాడొచ్చు కదా అంటే, వాళ్ళకి అది దొరకదు. చైనా, జపాన్ ల్యాకర్ ఒక చెట్టు పాలు. జపాన్‌వాళ్ళు దాన్ని ఉరుషి అంటారు. గాట్లు పెట్టి బొట్టు బొట్టుగా పట్టిన ఆ పాలు తేమ గాలిలో ఆరుతూ గట్టిపడతాయి. పచ్చిగా ఉన్నప్పుడు చేతికి తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు. నెలల తరబడి ఓడ ప్రయాణంలో అది పాడవకుండా యూరప్ చేరే దారి లేదు. అందుకని యూరప్‌వాళ్ళు వేరే పదార్థంతో అదే మెరుపు తెప్పించే పద్ధతి కనిపెట్టుకున్నారు. దానికి జపానింగ్ అని పేరు. 1688లోనే ఈ పని నేర్పే పుస్తకం ఆక్స్‌ఫర్డ్‌లో అచ్చయింది. చెక్క మీద జపానింగ్‌కి వాళ్ళు వాడిన ముఖ్యమైన సరుకు ఏమిటనుకున్నారు? మన లక్క. కొమ్మల మీద లక్క పురుగులు పెట్టే ఆ జిగురునే శుద్ధి చేసి, స్పిరిట్‌లో కరిగించి, పూత మీద పూత వేసేవారు.

మాది యలమంచిలి వైపు. చిన్నప్పుడు ఏటికొప్పాకలో తిరుగుతున్న అంకుడు కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికి కరిగి రంగు పట్టుకోవడం గంటల తరబడి చూసేవాణ్ణి. ఇక్కడికి వచ్చి పనిలో చేరిన మొదటి నెలలో పాత పూతని వేడి సూదితో తాకినప్పుడు వచ్చిన వాసన నాకు తెలిసిన వాసనే. మీ పెట్టె మీద మెరుపు చైనా నుంచి రాలేదు, మన వైపు నుంచి వచ్చింది. ఈ సంగతి నేను పనిచేసిన ప్రతి పెట్టె దగ్గరా గుర్తొస్తుంది. (వేడి సూది పరీక్ష మీరు చెయ్యకండి. మచ్చ పడితే పోదు. ఇప్పుడు నేను కూడా చెయ్యను.)

మాటల్లో మాట, పెద్ద పెద్ద చైనా ల్యాకర్ తెరలని యూరప్‌లో 'కోరమాండల్' అని పిలుస్తారు. అవి మన కోరమాండల్ తీరంలో చేసినవి కావు. చైనాలో చేసి, మన తూర్పు తీరం రేవుల మీదుగా ఈస్టిండియా కంపెనీ ఓడల్లో వెళ్ళడం వల్ల ఆ పేరు అంటుకుంది.

ఇక 1815, 1830 మధ్య అని ఎందుకన్నానంటే, మొదటి కారణం ఆకారం. మీ పెట్టె పైన వెడల్పుగా ఉండి కిందకి సన్నబడుతోంది, మూత మెట్లుగా లేచింది. రాతి శవపేటికల నమూనా ఇది. 18వ శతాబ్దంలో టీ పెట్టెలు ఎక్కువగా తిన్నగా, నలుచదరంగా ఉండేవి. ఈ వాలు ఆకారం 1810 తర్వాత బాగా వాడుకలోకి వచ్చింది. పైగా ఆ రోజుల్లో చైనా మోజు మళ్ళీ ఊపందుకుంది. తర్వాత నాలుగో జార్జి రాజైన యువరాజు బ్రైటన్‌లో పెవిలియన్ అనే తన ప్యాలెస్ లోపలంతా చైనా తీరులో అలంకరింపజేసుకున్నది 1815 నుంచి 1822 వరకూ జరిగిన పనిలోనే. రాజుగారింట్లో ఏముంటే ఊళ్ళో పెద్దవాళ్ళకీ అదే కావాలి కదా.

రెండో కారణం స్క్రూలు. ఎనిమిదో ఫొటోలో మూత బందు దగ్గర ఒక స్క్రూ బయటికి వచ్చి ఉంది. దాని కొన మొద్దుగా ఉంది, తల మీద గాడి సరిగ్గా మధ్యలో లేదు. సూది మొన ఉన్న మెషిన్ స్క్రూలు 1840ల తర్వాతి సంగతి. స్క్రూలు మార్చెయ్యొచ్చు, కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్మను. కానీ ఆ స్క్రూ చుట్టూ చెక్క మీద నల్లటి తుప్పు మరక స్క్రూ తల ఆకారంలోనే ఉంది. అంటే అది చాలా ఏళ్ళుగా అక్కడే ఉంది.

లోపల రెండు అరలు, మధ్యలో గాజు గిన్నె పట్టే గుంట ఉన్నాయి. ఒక అర పచ్చ టీకి, ఒకటి నల్ల టీకి. గిన్నె పోయింది, అది మామూలే. పగలని గిన్నె ఉన్న పెట్టె దొరకడం అరుదు. ఆ గిన్నె చక్కెరకా, రెండు టీలు కలుపుకోవడానికా అన్నది ఇప్పటికీ మా వాళ్ళలో వాదన. నేను కలుపుకోవడానికే అనే పక్షం.

టీపొడి పెట్టెకి తాళం ఎందుకు అని మీరు అడగలేదు గానీ, తెలిస్తే పెట్టె ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ రోజుల్లో టీ మీద పన్ను విపరీతం. 1784లో 119 శాతం ఉన్న సుంకాన్ని ఒక్కసారిగా పన్నెండున్నర శాతానికి దించారు. తర్వాత నెపోలియన్ యుద్ధాల ఖర్చుకి మళ్ళీ పెంచుకుంటూ పోయి 1806కల్లా 96 శాతానికి తెచ్చారు. మీ పెట్టె చేసేనాటికి టీ మీద పన్ను దాదాపు టీ ఖరీదంత. అందుకే పెట్టె వంటింట్లో కాకుండా హాల్లో ఉండేది, తాళంచెవి ఇంటావిడ దగ్గర ఉండేది. ఇప్పుడు వీటిని క్యాడీ అంటున్నారు. మలయ్ భాషలో కాటీ అనే తూకం ఉంది, సుమారు ఆరువందల గ్రాములు. క్యాడీ అన్న మాట దాని నుంచే వచ్చింది.

ఇప్పుడు కొంచెం బాధ కలిగించే విషయం. ముందు వైపు ఎడమ పక్కనున్న చెట్టుని తర్వాతి కాలంలో ఎవరో తిరగరాశారు, అంటే పాత బొమ్మ మీదే మళ్ళీ రంగు వేసి గీశారు. మూత మీద బంగారం, ఈ చెట్టు బంగారం పక్కపక్కన పెట్టి చూడండి. మూత మీదది అరిగిన చోట కూడా వెచ్చగా మెరుస్తోంది. అది అసలు బంగారం పొడి, రేకు. చెట్టు మీదది గోధుమ రంగుకి తిరిగి, కొమ్మల దగ్గర ఆకుపచ్చగా మారింది. అది ఇత్తడి పొడితో చేసిన రంగు. ఇత్తడి గాలి తగిలి మాడుతుంది, బంగారం మాడదు. ఒక చిన్న యూవీ టార్చి కొనుక్కుని చీకటి గదిలో వేసి చూడండి. దీని వల్ల పెట్టెకి ఏ హానీ లేదు. పాత లక్క పూత నారింజ రంగులో వెలుగుతుంది. తర్వాత వేసిన ముక్కలు వేరే రంగులోనో, నల్లటి మచ్చల్లానో విడిగా కనిపిస్తాయి. ఎంత భాగం తిరగరాశారో నా మాట మీద ఆధారపడకుండా మీరే చూసుకోవచ్చు.

పాలిష్ సంగతికి వస్తాను. మూత మీద మసక మురికి కాదండి. లక్క పూత రెండు వందల ఏళ్ళు వెలుతురు తగిలి, సన్నటి పగుళ్ళు వేసి, ఆ పగుళ్ళ వల్ల మెరుపు తగ్గింది. తడిగుడ్డ పెడితే ఆ పగుళ్ళలోంచి నీళ్ళు సుద్ద పొరలోకి దిగుతాయి. సుద్ద ఉబ్బుతుంది, దాని మీద నలుపు పెచ్చులుగా లేస్తుంది. స్పిరిట్ ఉన్న ఏ క్లీనర్ పెట్టినా ఇంకా ఘోరం, ఎందుకంటే లక్క కరిగేదే స్పిరిట్‌లో. సూపర్ మార్కెట్‌లో దొరికే ఫర్నిచర్ స్ప్రే కొడితే అందులోని సిలికాన్ పగుళ్ళలో చేరి, రేపు నాలాంటివాళ్ళు బాగుచెయ్యాలన్నా జిగురు పట్టనివ్వదు.

ఇది చదివి తెలుసుకున్నది కాదు. పనిలో చేరిన రెండో ఏడు, ఇలాంటిదే ఒక చిన్న పెట్టె నాకు అప్పజెప్పారు. మూత మీద చేపలు పట్టే ముసలాయన బొమ్మ. పైన పసుపు తిరిగిన వార్నిష్ పొర తీసెయ్యాలని, ముందు ఒక మూల పరీక్షించకుండా, దూది పుల్లకి స్పిరిట్ అద్ది ఒక్కసారి దొర్లించాను. దూది వెనక్కి తిప్పి చూస్తే మెరుస్తోంది. మూత వైపు చూస్తే ముసలాయన గడ్డం లేదు. వార్నిష్ కింద బంగారాన్ని పట్టి ఉంచిన పూత కూడా లక్కే, రెండూ కలిసి వచ్చేశాయి. రెండు నిమిషాల ముందు వరకూ ఎవరో చేత్తో గీసిన గడ్డం అక్కడ ఉంది. నాకు పని నేర్పిన పెద్దాయన తిట్టలేదు. ఆ దూదిని చిన్న గాజు సీసాలో వేసి నా బల్ల మీద పెట్టారు. అది ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. అందుకే పాత పెట్టె శుభ్రం చేస్తానని ఎవరైనా అంటే నాకు టెన్షన్ వస్తుంది.

మీరు చెయ్యదగ్గది ఒకటే. మేకప్‌కి వాడే మెత్తటి బ్రష్, కొత్తది, తీసుకుని పెచ్చులు లేని చోట దుమ్ము నెమ్మదిగా దులపండి. లేచిన పెచ్చుల జోలికి పోకండి. ఏదైనా పెచ్చు ఊడితే పారెయ్యకుండా కవర్‌లో వేసి, ఏ చోటిదో రాసి ఉంచండి. అదే ముక్కని మళ్ళీ అతికించొచ్చు. కిటికీ ఎండ పడని చోట, రేడియేటర్‌కి దూరంగా పెట్టండి. ఇక్కడ చలికాలంలో హీటింగ్ వేసినప్పుడు గది గాలి ఎండిపోతుంది, చెక్క కుంచించుకుపోతుంది. చెక్కతో పాటు సుద్ద పొర కుంచించుకోలేదు, అందుకే పెచ్చులు లేస్తాయి. మూల పెచ్చు, ముందు వైపు ఊగుతున్న పట్టీ మాత్రం ల్యాకర్ పని తెలిసినవాళ్ళ దగ్గర బిగింపజేసుకోండి. తిరగరాసిన చెట్టుని తీసెయ్యమని మాత్రం అడగకండి. దాని కింద అసలు బొమ్మ ఎంత మిగిలిందో తెలియకుండా ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు.

టీపొడి ఎందుకు వద్దంటున్నానంటే, అరల లోపల అంటించిన బూడిద రంగు రేకు సీసం, తగరం కలిసినది. టీ వాసన పోకుండా, తేమ తగలకుండా ఆ రోజుల్లో అదే వాడేవారు. మీ ఏడో ఫొటోలో అర అడుగున తెల్లటి పొడి ఉంది, పాత టీ బూజు అని రాశారు. అది చాలావరకు సీసం తుప్పు పట్టి రాలిన పొడి అయి ఉంటుంది. దాన్ని గోకొద్దు, ఊదొద్దు. ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోండి. ఇంట్లో పసిపిల్లలుంటే పెట్టెని వాళ్ళకి అందని ఎత్తులో పెట్టండి. అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి, ఆవిడ ముచ్చట తప్పు కాదు, ఈ పెట్టె చేసిందే టీ కోసం. కానీ సీసం ఉన్న అరలో పోసిన పొడి తాగే టీకి పనికిరాదు. గాజు సీసాలో పోసి లోపల పెడతానన్నా నేను వద్దనే అంటాను. రోజూ తీసి పెడుతుంటే మూత బందులు ముందు పోతాయి.

లోపలి మూతలకి ఉన్న తెల్లటి గుండీలు రెండూ భూతద్దంతో చూడండి. సన్నటి నల్ల చుక్కలు, చిన్న గీతలు కనిపిస్తే ఎముక. చుక్కలేమీ లేకుండా, ఒకదాన్నొకటి దాటుతున్న సన్నటి వంపు గీతలు వల అల్లినట్టు కనిపిస్తే ఏనుగు దంతం. ఇది ఎందుకంటే, బ్రిటన్‌లో 2018 దంతం చట్టం 2022 జూన్ నుంచి అమలులో ఉంది. 1947కి ముందు చేసిన వస్తువులో దంతం పది శాతం కంటే తక్కువుంటే అమ్మొచ్చు గానీ, ముందు నమోదు చేయించాలి. ఇంట్లో ఉంచుకోవడానికి ఇబ్బంది లేదు. ఎప్పుడైనా హైదరాబాద్ తీసుకెళ్ళాలనుకుంటే మాత్రం, దంతం అని తేలితే ఆ ఆలోచన మానుకోండి.

మోసపోయారా అన్నదానికి: 180 పౌండ్లకి మీరు నష్టపోలేదు. చెక్క అసలుది, మూత మీద బంగారం అసలుది, అరలు అసలువి. గిన్నె లేకపోవడం, ఒక చెట్టు తిరగరాయడం వల్ల ధర తగ్గుతుంది, మీరు ఇచ్చింది ఆ తగ్గిన ధరే. కేటలాగ్‌లో దేశం, శతాబ్దం రెండూ తప్పు రాశారు, అది వాళ్ళకి మర్యాదగా ఒక ఈమెయిల్‌లో తెలియజేయండి. అమ్మేసుకునే ఉద్దేశం ఎప్పుడైనా ఉంటే, మీరు మాత్రం 'ఇంగ్లిష్ జపాన్డ్' అనే రాయండి.

ఇలాంటివి కొనాలనుకునే మిగతావాళ్ళకి రెండు ముక్కలు. నలుపు మీద లేత రంగు బొమ్మలుంటే, బంగారం లేకపోతే, అది పెన్‌వర్క్ కావచ్చు. లేత రంగు చెక్క మీద బొమ్మని వదిలేసి చుట్టూ నలుపు నింపి, లోపలి గీతలన్నీ కలంతో గీసి, పైన వార్నిష్ వేసేవారు. అదీ మంచి వస్తువే. మోకాలెత్తు రేకు డబ్బాలు, మీద చైనా మనిషి బొమ్మ, ఒక అంకె ఉంటే అవి 19వ శతాబ్దపు కిరాణా కొట్ల టీ డబ్బాలు. వాటిలో చాలావాటికి అడుగున రంధ్రం చేసి, వైరు దూర్చి టేబుల్ ల్యాంపులు చేసేశారు. అసలు డబ్బా ధరకి ల్యాంపు కొనకండి. రేకు మీద నలుపు లక్కతో కాదు, అవిసె నూనె, తారు లాంటి పదార్థం కలిపి పూసి పొయ్యిలో నెమ్మదిగా కాల్చిన పూత. వేల్స్‌లో పాంటీపూల్, ఇక్కడ మా బర్మింగ్‌హామ్, వుల్వర్‌హాంప్టన్ ఆ పనికి పేరున్న ఊళ్ళు. కొత్తగా చేసి పాతవిగా అమ్మేవాటిలో పగుళ్ళు అన్ని వైపులా ఒకేలా ఉంటాయి. నిజంగా పాతదైతే చెయ్యి తగిలే చోట, అంటే మూత ముందు అంచు, తాళం చుట్టూ, ఎక్కువ అరుగుతుంది. వెనక వైపు నిగనిగలాడుతూ ఉంటుంది. మీ పెట్టె వెనక వైపు అలాగే ఉంది, ఆ ఫొటో చూశాకే నా మనసు కుదుటపడింది.

ఒక్క సాయం చెయ్యండి. మూత తెరిచి, తాళం మీది ఇత్తడి పలకని పక్క నుంచి లైటు వేసి దగ్గరగా ఫొటో తియ్యండి. మూడో ఫొటోలో అక్కడ ఏవో అక్షరాలు చెక్కినట్టు లీలగా కనిపిస్తున్నాయి. తాళం ఇరుక్కుందని రాశారు, తాళంచెవి బలవంతంగా తిప్పకండి, నూనె కూడా పొయ్యకండి. ఆ అక్షరాలు చదవగలిగితే కాలం ఇంకాస్త దగ్గరగా చెప్తాను.